పాచికీ ఒక పద్ధతి ఉంది

పాచి అన్న మాటకి మన భాషలో ఒక్క మర్యాదైన వాడుక లేదు. పాచి మొహం, పాచి నోరు, పాచి పళ్లు, పాచి పని. నిన్నటి పప్పు పాచిపోతుంది. నూతి దగ్గర మనిషి జారిపడితే ఫోన్ చూసుకుంటూ నడిచినవాడిది తప్పు కాదు, పాచిది. పాచిక ఒక్కటే కాస్త పరువుగా బతుకుతోంది గానీ, దానికీ దీనికీ చుట్టరికం లేదు. నాచు అని మెత్తగా పిలిచినా, శైవలం అని సంస్కృతంలో పిలిచినా చీపురు దెబ్బ మాత్రం తప్పడం లేదు.

ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలని మించిన చోటు దొరకదు. ఊరికో చెరువు, వీధికో కాలువ, డాబాకో మూత లేని నీళ్ల ట్యాంకు. పాచి పెంపకంలో మనకి పుట్టుకతో వచ్చిన నేర్పు ఉంది. లేనిదల్లా ఉద్దేశం. అదొక్కటీ తోడైతే ఇన్నాళ్లూ అశుభ్రత అనిపించుకున్నదే రేపటి నుంచి ప్రకృతి అనిపించుకుంటుంది. కాబట్టి ప్రతి ఇంటి అక్వేరియంలోనూ పాచిని బుద్ధిపూర్వకంగా, లెక్క ప్రకారం పెంచాలని ఇందుమూలంగా ప్రతిపాదించడమైనది.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఒకసారి చూడండి. హాల్లో టీవీ పక్కన రెండడుగుల గాజు తొట్టె. అడుగున బాత్రూం టైల్స్ రంగులో నీలం గులకరాళ్లు. వాటిలో గుచ్చిన ప్లాస్టిక్ మొక్క, ఒక విరిగిన గ్రీకు స్తంభం, మూత తెరుచుకున్నప్పుడల్లా బుడగలు వదిలే నిధి పెట్టె. వంశధారలో గ్రీకు స్తంభాన్ని చూసిన చేప ఇంతవరకూ లేదు. అయినా ఇంటికొచ్చినవాళ్లతో "నేచురల్‌గా ఉంటుందని పెట్టించామండీ" అంటారు. నెల తిరక్కుండా ఆ స్తంభం మీద చిటికెడు పచ్చదనం పడుతుంది. అంటే ఆ తొట్టెలోకి నేచర్ మొదటిసారి అడుగుపెట్టిందన్నమాట. వెంటనే ఇంటిల్లిపాదీ లేస్తారు. బ్లేడు వస్తుంది, పాత టూత్ బ్రష్ వస్తుంది, సీసాలో నీలం మందు వస్తుంది. ప్లాస్టిక్ మొక్కని బకెట్లో ముంచి, తళతళా తోమి, మళ్లీ నేచురల్‌గా గుచ్చుతారు.

చేపల అభిప్రాయం ఎవరూ అడగలేదు. ఆఫ్రికాలోని మలావీ సరస్సులో ఎంబునా అనే రంగురంగుల చేపలున్నాయి. రాళ్ల మీద పాచిని గీరి తినడమే వాటి వృత్తి, ఆ పళ్ల వరసే అందుకు తగ్గట్టుంటుంది. పాచీ, అందులో కాపురముండే సన్న పురుగులూ కలిసిన ఆ పొరకి జర్మన్ భాషలో ఔఫ్‌వూక్స్ అని పేరు. మన వాళ్లకి ఈ మాట ముందే తెలిసుంటే బాగుండేది. "పాచి పట్టింది" అంటే పరువు పోతుంది. "ఔఫ్‌వూక్స్ డెవలప్ చేస్తున్నామండీ" అంటే వియ్యంకుడు కూడా కుర్చీ దగ్గరకి జరుపుకుంటాడు.

జపానువాళ్లు ఇంకా ముందుకి వెళ్లారు. హొక్కైడో దీవిలో అకాన్ అని ఒక సరస్సుంది. అందులో మారిమో అని పచ్చటి వెల్వెట్ బంతుల్లాంటి నాచు ఉండలు పెరుగుతాయి. వాటిని 1921లో ప్రకృతి సంపదగానూ, 1952లో ప్రత్యేక ప్రకృతి సంపదగానూ ప్రభుత్వం ప్రకటించింది. ఏటా అక్టోబరులో వాటికి పండగ చేస్తారు. మనం విజయనగరంలో సిరిమాను పండగ చూడ్డానికి మూడు లాంతర్ల కూడలి దగ్గర తోసుకునే రోజులకి కాస్త అటూ ఇటూగా అక్కడ నాచు ఉండకి మొక్కుతుంటారన్నమాట. ఉండ ఏడాదికి 5 మిల్లీమీటర్లు పెరిగితే గొప్ప, ఆ వేగం మన భూమి సర్వే ఫైళ్లకి తప్ప ఇంకెవరికీ లేదు. విచిత్రం ఏమిటంటే, మన తొట్టెల్లో రాయిని పట్టుకుని వేలాడే క్లాడోఫోరా అనే గరుకు పీచు నాచు ఈ మారిమోకి దగ్గరి బంధువు. గుండ్రంగా పుట్టినవాడిని డబ్బిచ్చి కొరియర్లో తెప్పించుకుంటాం, పొడుగ్గా పుట్టినవాడిని ఫోర్సెప్స్‌తో పీకి చెత్తబుట్టలో వేస్తాం.

జపాను దాకా పోలేమంటే భోగాపురం, పూసపాటిరేగ వైపు రొయ్యల చెరువుల గట్టు మీద నిలబడండి. అక్కడ రైతుకి ఉన్న పెద్ద బెంగ, నీళ్లకి రంగు రాలేదని. తవుడు, బెల్లం, ఈస్టు కలిపి పులియబెట్టి చల్లుతాడు. నలుపూ తెలుపూ వేసిన గుండ్రటి పలకని తాడుతో నీళ్లలోకి దించుతాడు. అది 30, 40 సెంటీమీటర్ల లోతులో కనబడకుండా పోతే అప్పుడు అన్నం సహిస్తుంది. ఆ రంగు మరేమీ కాదు, నీళ్లలో తేలే సన్న నాచే. ఇంత ఖర్చుపెట్టి ఎకరాలకి ఎకరాలు నాచు పండించిన ఆ రైతే సాయంత్రం ఇంటికొచ్చి, కొడుకు చేపల తొట్టె పచ్చబడితే "ఏట్రా ఇది, సెరువులా సేసీనావు" అని కేకలేస్తాడు.

సరే, విధానం. పాచి తనంతట తానే వస్తుంది కదా, దానికి విధానం దేనికి అనేవాళ్లు ఒక్కసారి కావాలని పెంచి చూడాలి. పిలవని పేరంటానికి పరుగున వచ్చే ఈ చుట్టం, పిలిస్తే మాత్రం రాదు. అక్కర్లేని ముందు గాజు మీద వారంలో పడుతుంది, కావలసిన రాయి మీద నెలైనా పడదు. కారణాలు పెద్ద రహస్యాలేం కావు. కొనుక్కొచ్చిన రాయి పాలిష్ పట్టి ఉంటుంది, పట్టు దొరకదు. కొత్త తొట్టెలో తిండి ఉండదు. ఇంకో ముఖ్యమైన సంగతి, పాచి రాకముందే పాచి తినే చేపని తెచ్చి వేసేస్తాం. విస్తరి వేయకముందే బంతిలో కూర్చోబెట్టినట్టు.

తొట్టె 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అనుకుందాం. నిండా పోస్తే 56 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ పోతే 45 లీటర్ల నీరు నిలుస్తుంది. దానికి 15 నుంచి 20 వాట్ల తెల్ల ఎల్ఈడీ చాలు. మొదటి నెల రోజుకి 8 గంటలు వెలగాలి, చేపలు నిలదొక్కుకున్నాక 10 గంటలు. టైమర్ ప్లగ్ తప్పనిసరి. చేత్తో వేసి ఆపే ఇళ్లల్లో ఆదివారం 14 గంటలు వెలుగుతుంది, ఊరెళ్లిన రోజు అసలు వెలగదు. వెలుతురు ఇలా తిక్కగా మారే తొట్టెలో మనం కోరుకున్న పాచి రాదు, దాని మొండి బంధువులు వస్తారు. పడమటి కిటికీ పక్కన మాత్రం పెట్టకండి. మే నెలలో సాయంత్రానికి నీళ్లు 34 డిగ్రీలు దాటుతాయి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి.

రాయి దగ్గర మన ప్రాంతానికి దేవుడిచ్చిన వరం ఉంది. ఖొండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీద భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు. తూర్పు కనుమల్లో ఎటు చూసినా అదే, ఎండకీ వానకీ నలిగి ఎర్రమచ్చలతో గరుగ్గా ఉంటుంది. పాచి వేళ్లూనడానికి (వేళ్లు లేవనుకోండి, మాట వరసకి) అంతకన్నా మంచి నేల లేదు. మెత్తబడి పొడి రాలేదాన్ని కాకుండా గట్టిదాన్ని ఏరుకోండి. చంపావతి ఇసుకలో దొరికే గులకరాయి అందమే గానీ నున్నన, దాని మీద రెట్టింపు రోజులు పడుతుంది. ఏ రాయైనా ముందు దాని మీద నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి. బుసబుస పొంగితే సున్నం ఉన్నట్టు, నీళ్లని కఠినం చేస్తుంది, మన బోరు నీళ్లకి ఆ సాయం అక్కర్లేదు. సబ్బు లేకుండా బ్రష్షుతో రుద్ది, వేడినీళ్లు పొయ్యండి. ఉడకబెట్టొద్దు, లోపల తడి ఉన్న రాయి పొయ్యి మీద పగిలి ముక్క మొహానికి తగులుతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. పాచిని తొట్టెలో పండించకూడదు, డాబా మీద పండించి తొట్టెలో వడ్డించాలి. గుప్పెడంత రాళ్లు 16 తీసుకోండి. 8 తొట్టెలో, 8 డాబా మీద 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో. టబ్బులోకి కుళాయి నీళ్లు కాదు, వారం వారం తొట్టెలోంచి తీసే నీళ్లు పొయ్యాలి. చేపల వ్యర్థాల్లోంచి వచ్చిన నైట్రేటు, ఫాస్ఫేటు అందులోనే ఉంటాయి, పాచికి అదే పెరుగన్నం. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నం కొబ్బరాకుల నీడ ఉండాలి. మొదటి వారం ఏమీ కనబడదు, వేలితో రుద్దితే జారుడు తెలుస్తుంది. రెండో వారం గోధుమ రంగు పొర. మూడు నాలుగు వారాలకి కొత్తగా మొలిచిన నారుమడిలా పొట్టి పచ్చ నూగు. ఆ రాళ్లని తొట్టెలోకి దించి, చేపలు గీకి బోడి చేసిన రాళ్లని పైకి తెచ్చుకోవాలి. రెండు వారాలకోసారి నాలుగేసి రాళ్లు మార్చుకుంటూ పోతే వడ్డన ఆగదు.

ఈ పథకానికి ఒకే ఒక్క శత్రువు, ఫ్రైడే డ్రైడే. ఆరోగ్య సిబ్బంది శుక్రవారం పూట డాబా ఎక్కి టబ్బు చూసి, తలకాయ ఊపి, బోర్లించి వెళ్లిపోతారు. నెల్లాళ్ల పంట డ్రైనేజీ గొట్టంలో. వాళ్లది తప్పనడానికీ లేదు. నిలవ నీళ్లలో డెంగీ దోమ గుడ్డు పెడితే వారం పది రోజుల్లో రెక్కలొచ్చి ఎగురుతుంది. అందుకని టబ్బు మీద దోమతెర బిగించి కట్టండి, లోపల నాలుగు గప్పీ చేపలు వదలండి. దోమపిల్లని గప్పీ వదలదు. అక్కా, దోమపిల్ల ఒక్కటి చూపించండి, టబ్బు నేనే బోర్లిస్తాను అని ధీమాగా అడగొచ్చు. వినేవాళ్లు వింటారు.

విత్తనం కోసం వీధి కాలువకి గానీ వరి చేనుకి గానీ వెళ్లొద్దు. చేలోంచి తెచ్చిన నీళ్లతో పురుగుమందు వస్తుంది, చెరువు నాచుతో జలగలూ చేప పేలూ తూనీగ పిల్లలూ వస్తాయి. ఆ తూనీగ పిల్ల మీ గప్పీ పిల్లల్ని ఒక్కోదాన్నీ లెక్కపెట్టి మరీ తింటుంది. ఏళ్లుగా తొట్టె నడిపే స్నేహితుడి ఫిల్టరు స్పాంజిని మీ టబ్బులో ఒకసారి పిండితే చాలు. మన ఊళ్లో అతి తొందరపాటు మేధావులు కొందరున్నారు, ఎరువుల కొట్లోంచి యూరియా తెచ్చి చిటికెడు తొట్టెలో వేసేవాళ్లు. యూరియా నీళ్లలో అమ్మోనియా అవుతుంది. పొద్దున్నకి నీళ్లు పచ్చగా, చేపలు తెల్లగా వెల్లకిలా ఉంటాయి. అమ్మోనియా ఎప్పుడూ సున్నా ఉండాలి. నైట్రేటు 10 నుంచి 20 పీపీఎం (లీటరుకి అన్ని మిల్లీగ్రాములు), ఫాస్ఫేటు అర నుంచి 1 పీపీఎం మధ్య ఉంటే పంట సజావుగా సాగుతుంది. చేపలకి వేసే మేతలోనే ఇదంతా వచ్చేస్తుంది.

ఇక వచ్చేవాళ్లలో రకాలు. మొదట దిగేది గోధుమ రంగు ధూళి, డయాటమ్. కొత్త తొట్టె అనగానే వస్తుంది, నీళ్లలో సిలికా ఉన్నన్నాళ్లూ ఉంటుంది, నాలుగైదు వారాలకి చెప్పకుండా వెళ్లిపోతుంది. పెళ్లికొచ్చిన చుట్టం లాంటిది, కంగారు పడక్కర్లేదు. గాజు మీద పచ్చ చుక్కలుగా రాయిలా బిగుసుకునేది ఫాస్ఫేటు తగ్గినప్పుడు, వెలుతురు ఎక్కువైనప్పుడు వస్తుంది. వెనక గాజు మీద దాన్ని వదిలేస్తే ఏళ్లనాటి దిగుడుబావి గోడలా ఉంటుంది, ఏ వాల్‌పేపరూ దానికి సాటిరాదు. పీచు నాచు రాళ్ల మీద అంగుళం వరకు అందం. అది దాటితే చేపపిల్లలు చిక్కుకుని చస్తాయి, ఫిల్టరు మూతి మూసుకుపోతుంది. టూత్ బ్రష్‌కి సేమియాలా చుట్టి లాగెయ్యడమే. నల్ల గడ్డం నాచు నిజానికి ఎర్ర నాచు జాతిది, మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పడితే గులాబీ రంగుకి తిరిగి తన కులగోత్రాలు చెప్పేస్తుంది. మురిక్కీ, నీటి ఒరవడికీ మురిసిపోతుంది. మొద్దు మీద పడితే వందేళ్ల మర్రిలా ఉంటుంది గనక ఉంచండి, మొక్కల ఆకుల అంచున పడితే ఆ ఆకు కత్తిరించండి.

నీలిపచ్చ పొర ఒక్కటే వేరే సంగతి. జిడ్డుగా దుప్పటిలా పరుచుకుంటుంది, ఎత్తితే అప్పడంలా లేస్తుంది, మట్టివాసన కొడుతుంది. అది నాచు కాదు, సైనోబ్యాక్టీరియా. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట ఈ భూమి గాలిలోకి ప్రాణవాయువు నింపింది దాని పూర్వీకులే. మనందరికీ తాతగారు. అలాగని ఇంట్లో పెట్టుకోలేం, కొన్ని రకాలు విషం వదులుతాయి. నీరు కదలని మూల, అడుగున పేరుకున్న మురికి, నైట్రేటు అడుగంటడం, ఈ మూడూ దాన్ని పిలుస్తాయి. గొట్టంతో లాగేసి, తొట్టెకి నల్ల దుప్పటి కప్పి మూడు నాలుగు రోజులు చీకట్లో ఉంచాలి. గాలి పంపు మాత్రం ఆపకూడదు. దుప్పటి తీశాక సగం నీళ్లు మార్చాలి. ఈ మూడు రోజుల్లో ఇంటికొచ్చినవాళ్లు "ఏటండీ, సేపలకి సీకటి కొట్టా?" అని అడుగుతారు, మౌనం మంచిది.

పాచికి రాత్రి ఒక గుణం, పగలు ఒక గుణం. పగలు ప్రాణవాయువు వదులుతుంది, దీపం ఆరగానే చేపలతో పాటు తనూ పీలుస్తుంది. వేసవిలో నీరు వేడెక్కి అసలే ప్రాణవాయువు పట్టుకోదు, దానికి తోడు అర్ధరాత్రి కరెంటు పోతే తెల్లారుజామున నాలుగింటికి తొట్టె ఊపిరాడని జనరల్ బోగీ. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి పక్కన ఉంచుకోండి. తుపాను కబురు వచ్చిందంటే ముందే దాన్ని చార్జింగులో పెట్టండి, ఇక్కడివాళ్లకి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

గీకేవాళ్ల ఎంపికలోనే చాలామంది మునుగుతారు. సక్కర్ ఫిష్ అని రెండంగుళాల పిల్లని అంటగడతారు. అది అడుగు దాటి పెరుగుతుంది, పెరిగాక పాచి మానేసి చేపల మేతకి మరుగుతుంది. అప్పుడు దాన్ని పుణ్యం అనుకుని చెరువులో వదులుతారు. రైతులు దెయ్యం చేప అని తలబాదుకునేది దాన్నే, వలలు చింపి చెరువంతా ఆక్రమిస్తుంది. వదలకండి. రెండడుగుల తొట్టెకి నాలుగైదు అంగుళాల దగ్గర ఆగే బ్రిసిల్‌నోస్ ఒక్కటి చాలు, లేదా ఓటోసింక్లస్ అనే బుల్లి చేపలు అరడజను, అవైనా పాచి పట్టిన రెండు నెలల తర్వాతే. నెరైట్ నత్తలు నాలుగు ఉంటే గాజు బాగా తుడుస్తాయి గానీ ఎక్కడపడితే అక్కడ నువ్వుగింజల్లా తెల్లగుడ్లు అంటిస్తాయి. మంచినీళ్లలో అవి పిల్లలవ్వవు, రాలవు. నువ్వుల జంతిక అనుకుని సరిపెట్టుకోవాలి.

ముందు గాజు మాత్రం అద్దంలా ఉండాలి. ఇది ఈ శాస్త్రంలో అతి ముఖ్య సూత్రం. వెనకా పక్కలా రాళ్ల మీదా ఎంత పచ్చదనమైనా ఉండొచ్చు, ముందు పలక తళతళలాడితే చూసేవాడు "కావాలని పెంచారు" అనుకుంటాడు. అదొక్కటి మసకగా ఉంటే "కడగరు కాబోలు" అనుకుంటాడు. తేడా అంతా ఆ రెండు చదరపు అడుగుల గాజులో ఉంది. గడువు తీరిన ఏటీఎం కార్డు అంచు పాచిని చక్కగా గీకుతుంది. అయస్కాంతం బ్రష్షు వాడితే ఇసుక రేణువు ఇరుక్కోకుండా అడుగుకి అంగుళం పైనే ఆపండి, గీత పడితే పోదు. వారానికోసారి ఒక బకెట్, అంటే 10 లీటర్లు, మార్చండి. మున్సిపల్ కుళాయి నీళ్లయితే ఒక రోజు నిలవ ఉంచి పోస్తే క్లోరిన్ పోతుంది, తొందరైతే హైపో (సోడియం థయోసల్ఫేట్) పలుకు వెయ్యండి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా సంక్రాంతి ఒకటుంది. భోగికి మూడు రోజుల ముందు ఇల్లంతా సున్నాలు, బూజులు, కడుగుళ్లు. ఆ ఊపులో ఊరినుంచి వచ్చిన పెద్దత్తగారు తొట్టె వైపు చూసి "ఓలమ్మ, ఇదేటి, రాళ్లన్నీ పాసెక్కిపోనాయి" అంటారు. ఎవరూ అడ్డుపడేలోగా డాబా మీదవాటితో కలిపి పదహారు రాళ్లూ పెరట్లోకి వెళ్తాయి. పీచు, సబ్బు పొడి, చివర్లో చింతపండు కూడా. గంటలో మిలమిలలాడుతూ తిరిగొస్తాయి, గరుకు రంధ్రాల్లో సబ్బు దాచుకుని. ఆ సబ్బు చేప మొప్పల మీది జిగురుని కడిగేస్తుంది. అలా తోమిన రాయిని తొట్టెలో వెయ్యకుండా, రోజూ నీళ్లు మారుస్తూ వారం నానబెట్టి, నీళ్లలో చెయ్యి ఆడిస్తే నురగ రావడం లేదని చూశాకే టబ్బుకి పంపాలి. అక్కణ్నుంచి మళ్లీ మొదటి వారం, జారుడు.

కాబట్టి డిసెంబరు నెలాఖరుకల్లా తొట్టె పైన ఒక బోర్డు వేలాడదియ్యండి. "ఇది పాచి. మేమే పెంచుకుంటున్నాం. తోమరాదు." పెద్ద అక్షరాలు, పెద్దత్తగారికి కళ్లజోడు లేకపోయినా కనబడేలా. లామినేషన్ చేయించి, నీళ్లకి జానెడు ఎత్తున కట్టండి. కిందకి కడితే గాలి పంపు తుంపర పడి నెల్లాళ్లలో దాని మీదా పాచి పడుతుంది, మొదట "తోమరాదు"లో "రాదు" కనబడకుండా పోతుంది.